స్మాష్ కొట్టే చెయ్యి పికిల్‌బాల్‌లో ఎందుకు తడబడుతుంది

గోదావరి డెల్టాలో షటిల్ ఆడని ఊరు వెతికినా దొరకదు. పంచాయతీ ఆఫీసు వెనక ఖాళీ జాగా, రైస్‌మిల్లు ఆవరణ, కాలేజీ గ్రౌండు, ఎక్కడ రెండు గుంజలు పాతడానికి వీలుంటే అక్కడ నెట్ కట్టేస్తారు. దానికి తోడు అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో స్మాష్ కొట్టి గిన్నిస్ రికార్డుకి ఎక్కాడు. ఇక చెప్పేదేముంది, ఆట అంటే ఎగిరి బాదడమే అని ఇక్కడి పిల్లలకి గట్టి నమ్మకం.

ఇప్పుడు అలాంటి కోర్టుల మీదికే పికిల్‌బాల్ వస్తోంది, గట్టి పలక బ్యాటుతో చిల్లుల ప్లాస్టిక్ బంతిని నెట్ మీంచి కొట్టే ఆట. పండక్కి అమెరికా నుంచో హైదరాబాద్ నుంచో వచ్చినవాళ్ళు బ్యాగులో రెండు బ్యాట్లు, నాలుగు చిల్లుల బంతులు పెట్టుకుని దిగుతారు. మొదటిరోజు చూసినవాళ్ళ మాట ఒకటే: "ఇందులో ఏముందండీ, చిన్నపిల్లల ఆట." నాలుగు రోజులు ఆడాక అదే నోటితో, "రిటైరైన మాస్టారు ఓడగొట్టేశారండీ, ఆయన కదల్లేదు కూడానూ" అంటారు. షటిల్‌లో చెయ్యి తిరిగినవాళ్ళకే ఈ అవమానం ఎక్కువ.

కారణం ఆ మాస్టారి ప్రతిభ ఒక్కటే కాదు. ఆట నియమాల్లోనే ఉంది. పికిల్‌బాల్ రూల్సు విడివిడిగా చదివితే తలాతోకా లేనట్టు అనిపిస్తాయి. నెట్ దగ్గర ఒక పట్టీలో నిలబడి గాల్లో కొట్టకూడదట, బంతి రెండుసార్లు నేల మీద పడ్డాకే గాల్లో అందుకోవాలట, సర్వీసు కింద నుంచి చెయ్యాలట, స్కోరు చెప్పడానికి మూడంకెలట. వీటిని బట్టీ పట్టడం దండగ. అన్నిటి వెనకా ఉన్న ఉద్దేశం ఒక్కటే: సర్వీసు చేసేవాడికి గానీ, బలంగా కొట్టేవాడికి గానీ పాయింటు తేరగా దొరక్కూడదు. ఇది పట్టుకుంటే మిగతావన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చేస్తాయి.

ఆట పుట్టిన తీరులోనే ఈ సర్దుబాటు ఉంది. 1965లో అమెరికాలో సియాటిల్ దగ్గరున్న బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో జోయెల్ ప్రిచర్డ్, బిల్ బెల్ అనే స్నేహితులు ఇంట్లోవాళ్ళ కాలక్షేపం కోసం పాత షటిల్ కోర్టు మీద ఏదో ఒకటి ఆడదామనుకున్నారు. సరైన సామాను దొరకలేదు. టేబుల్ టెన్నిస్ బ్యాట్లు, చిల్లులున్న ప్లాస్టిక్ బంతి పట్టుకుని మొదలుపెట్టారు. నెట్ మొదట్లో షటిల్ ఎత్తులోనే ఉండేది. బంతి నేల మీద పడి బాగానే లేస్తోందని గమనించి కిందికి దించారు. తర్వాత బార్నీ మెక్కల్లమ్ వచ్చి కలిశాక ముగ్గురూ కూర్చుని నియమాలు రాసుకున్నారు. పిల్లలూ పెద్దలూ కలిసి ఆడాలన్నది వాళ్ళ కోరిక. మన దేశంలో దీనికి బీజం వేసింది ముంబయికి చెందిన సునీల్ వాలావల్కర్. 2025లో కేంద్ర క్రీడా మంత్రిత్వ శాఖ ఇండియన్ పికిల్‌బాల్ అసోసియేషన్‌ని జాతీయ క్రీడా సమాఖ్యగా గుర్తించింది.

షటిల్ కోర్టు ఉంటే సగం పని అయినట్టే

పికిల్‌బాల్ కోర్టు 20 అడుగుల వెడల్పు, 44 అడుగుల పొడవు. అచ్చంగా షటిల్ డబుల్స్ కోర్టు కొలతే. సింగిల్స్ అయినా డబుల్స్ అయినా ఇదే కోర్టు. కాబట్టి షటిల్‌లో ఉండే లోపలి పక్కగీతలు, వెనకవైపు డబుల్స్ సర్వీసు గీత ఇక్కడ అక్కర్లేదు, వాటిని చూడనట్టు ఊరుకోవాలి. ఒక్కచోట మాత్రం జాగ్రత్త. షటిల్ షార్ట్ సర్వీస్ గీత నెట్‌కి ఆరున్నర అడుగుల దూరంలో ఉంటుంది. పికిల్‌బాల్‌లో నెట్ దగ్గరి పట్టీ గీత ఉండాల్సింది 7 అడుగుల దగ్గర. ఆ అరడుగు తేడాయే కదా అని పాత గీతతోనే ఆడేసేవాళ్ళున్నారు. సరదాకైతే పర్వాలేదు గానీ, అలవాటైపోయాక బయట టోర్నమెంటుకి వెళ్తే ప్రతి రెండో ర్యాలీకీ (సర్వీసు నుంచి బంతి ఆగేదాకా సాగే ఆట) కాలు గీత మీదే ఉంటుంది. చాక్‌పీసుతోనో రంగు టేపుతోనో ఆ గీత వేరే వేసుకోవడం మంచిది.

నెట్ ఎత్తు గుంజల దగ్గర 36 అంగుళాలు, మధ్యలో 34. షటిల్ నెట్‌నే కిందికి దించి కట్టుకోవచ్చు. దాని వెడల్పు 30 అంగుళాలు కాబట్టి కింద నాలుగంగుళాల సందు మిగులుతుంది, ఆ సందులోంచి దూరిన బంతికి పాయింటు రాదు. అసలు చిక్కు వెనక జాగాతో వస్తుంది. ఈ ఆటలో చాలా బంతులు బేస్‌లైన్ (కోర్టు చివరి గీత) బయట నిలబడి కొట్టాలి. అందుకే మొత్తం స్థలం కనీసం 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉండాలంటారు. గోడకి ఆనుకుని గీతలు గీసిన ఇండోర్ షటిల్ హాళ్ళలో ఇది కుదరదు, మోచెయ్యి గోడకి తగులుతుంది. ఆ మాటకొస్తే ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్ళాలే నయం, పంట లేని రోజుల్లో.

ఆ ఏడడుగుల పట్టీ

నెట్‌కి రెండువైపులా ఏడేసి అడుగుల మేర ఉండే పట్టీని కిచెన్ అంటారు. అందులో నిలబడి బంతిని గాల్లో ఉండగా కొడితే ఫాల్ట్, అంటే తప్పు, ఆ ర్యాలీ పోయినట్టే. గీత కూడా కిచెన్‌లో భాగమే. బొటనవేలు గీతని తాకినా లోపల ఉన్నట్టే లెక్క.

చాలామంది దీన్ని కిచెన్‌లోకి అడుగే పెట్టకూడదని అర్థం చేసుకుంటారు. అలా కాదు. నేల మీద ఒకసారి పడ్డ బంతిని లోపలికి వెళ్ళి నిక్షేపంగా కొట్టొచ్చు. ఊరికే వెళ్ళి నిలబడినా తప్పు లేదు. నిషేధం గాల్లో కొట్టడం మీదే. పొట్టిగా పడుతున్న బంతి కళ్ళముందు కనిపిస్తున్నా గీత బయట కాళ్ళు పాతేసుకుని చెయ్యి చాపేవాళ్ళని చూస్తే, "వెళ్ళండి, వెళ్ళండి" అని అరవాలనిపిస్తుంది. లోపలికి వెళ్ళి కొట్టి, రెండు కాళ్ళూ మళ్ళీ గీత బయట నేలకి ఆనాకే గాల్లో బంతి ముట్టుకోవాలి, అంతే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. గీత బయటే నిలబడి గాల్లో కొట్టారు, బంతి అవతల పడి పాయింటు అయిపోయింది, కానీ కొట్టిన ఊపుకి ఆగలేక ఒక అడుగు లోపలికి పడింది. పాయింటు పోయినట్టే. బంతి అప్పటికే చచ్చిపోయినా సరే. ఆ ఊపులో చేతిలో బ్యాటు జారి లోపల పడినా, తలమీద టోపీ ఎగిరి పడినా ఫాల్టే. మీదకి ఉరికి స్మాష్ కొట్టే షటిల్ ఆటగాడు ఇక్కడే దొరికిపోతాడు. అతని షాటులో లోపం ఉండదు, కాళ్ళు ఆగవు.

ఇంతకీ ఏడడుగులు ఎందుకు? చిన్న లెక్క వేద్దాం. నెట్ 3 అడుగుల ఎత్తు అనుకుందాం. గాలి, స్పిన్, బంతి బరువుకి కిందికి జారడం ఇవన్నీ పక్కన పెట్టి, గట్టిగా కొట్టిన బంతి నెట్ అంచుని రాసుకుంటూ సూటిగా పోతుందనుకుందాం. కిచెన్ లేకపోతే ఏ పొడుగు మనిషో వచ్చి నెట్‌కి అడుగు దూరంలో నిలబడతాడు. నాలుగడుగుల ఎత్తులో ఉన్న బంతిని అక్కడి నుంచి బాదితే అవతల మూడడుగుల దూరంలోనే నేలకి తగులుతుంది. దాన్ని ఎవరూ తియ్యలేరు. ఆట అయిపోయింది. అదే ఎత్తులో అదే బంతిని 7 అడుగుల వెనక నుంచి బాదితే పడేది అవతల 21 అడుగుల దగ్గర. బేస్‌లైన్ ఉన్నది 22 అడుగులకి. అంటే కోర్టు చివరంటా వెళ్ళి, అవతలివాడు తాపీగా వెనక నిలబడి తీసుకోవడానికి వీలుగా పడుతుంది. నాలుగడుగుల కన్నా ఏమాత్రం కిందగా తగిలిందో, అవుటే.

నిజం కోర్టులో బంతి కొంత కిందికి జారుతుంది కాబట్టి ఇంత కచ్చితంగా ఉండదు. కానీ ఎంత గట్టిగా కొడితే అంతగా ఈ లెక్కకి దగ్గరవుతుంది. కిచెన్ గీత దగ్గర నిలబడ్డప్పుడు ఛాతీ ఎత్తుకి రాని బంతిని బాదడం వల్ల లాభం లేదని దీని అర్థం. నెట్ కన్నా కిందకి దిగిన బంతి సంగతి చెప్పనే అక్కర్లేదు. దాన్ని ఎలా కొట్టినా పైకే లేపాలి, లేపితే అవతలివాడికి పండగ.

కాబట్టి ఇద్దరూ చేసేది ఒకటే పని. ఎదుటివాడికి నెట్ కన్నా ఎత్తులో బంతి ఇవ్వకుండా, నెట్ దాటీ దాటగానే వాళ్ళ కిచెన్‌లో మెత్తగా పడేట్టు వేస్తూ పోవడం. దీన్నే డింక్ అంటారు. రెండు జట్లూ గీతల దగ్గర నిలబడితే మధ్యలో ఉండేది 14 అడుగులే. అక్కడ చేతిబలానికి పనిలేదు, ఓపిక కావాలి. ఎదురుగా కాకుండా మూల నుంచి మూలకి వేస్తే ఆ 14 అడుగులు దాదాపు 24 అడుగులవుతాయి. పైగా నెట్ మధ్యలో రెండంగుళాలు తక్కువ. రెండు రకాలుగానూ కలిసొస్తుంది కనక కొత్తవాళ్ళు ఏటవాలుగా వేసే డింక్‌తోనే మొదలుపెట్టాలి.

డింక్ వేసేటప్పుడు మణికట్టు తిప్పకూడదు. షటిల్‌కి ప్రాణమే మణికట్టు. చివరి క్షణంలో అది విదిల్చితేనే కాక్ దూసుకుపోతుంది. ఇక్కడ బ్యాటుకి తీగలుండవు, గట్టి పలక. బంతి పాతిక గ్రాముల దాకా బరువు ఉంటుంది. మణికట్టు కాస్త కదిలినా బంతి అడుగెత్తు ఎగురుతుంది. మోకాళ్ళు వంచి, బ్యాటు ముఖం కొంచెం ఆకాశం వైపు తెరిచి, భుజం నుంచి చెయ్యి మొత్తాన్ని ఒక్కటిగా ముందుకి తోయాలి. కొట్టకండి, తోయండి. పట్టు కూడా సడలించాలి. పిడికిలి బిగిస్తే మెత్తదనం పోతుంది. హైస్కూల్లో టెన్నికాయిట్ ఆడిన ఆడవాళ్ళు దీన్ని మగవాళ్ళ కన్నా త్వరగా పట్టుకుంటారని నాకో అభిప్రాయం. రింగుని అందుకుని వదిలిన చేతులకి మెత్తగా వెయ్యడం కొత్త కాదు.

ప్రాక్టీసుకి మనిషి దొరక్కపోతే ప్రహరీగోడ చాలు. 34 అంగుళాల ఎత్తులో చాక్‌పీసు గీత గీసి, ఏడడుగుల దూరంలో నిలబడి, బంతి ప్రతిసారీ గీతకి జానెడు లోపు పైన తగిలేట్టు వేస్తూ ఉండండి.

రెండు బౌన్సులు, మూడో షాటు

సర్వీసు బంతి అవతల నేల మీద పడ్డాకే వాళ్ళు తియ్యాలి. వాళ్ళు తిరిగి కొట్టిన బంతి ఇవతల నేల మీద పడ్డాకే వీళ్ళు తియ్యాలి. ఈ రెండూ అయ్యాక గాల్లో అందుకునే హక్కు అందరికీ వస్తుంది. బాల్ బ్యాడ్మింటన్ ఆడి పెరిగిన పెద్దవాళ్ళకి ఇది మహా కష్టం. ఉన్ని బంతి నేల తాకితే పాయింటు పోయే ఆట అది. బంతి కిందపడేదాకా ఆగమంటే చెయ్యి ఊరుకోదు.

ఈ నియమం వల్ల జరిగేది చూడండి. సర్వీసు చేసే జట్టులో ఇద్దరూ బేస్‌లైన్ వెనకే ఉండిపోవాలి, ఎందుకంటే తిరిగొచ్చే బంతి పడ్డాకే ముట్టుకోవాలి. ముందుకి ఉరికితే అది కాళ్ళ మీద పడుతుంది. అందుకునే జట్టులో మాత్రం ఒకరు ముందే వెళ్ళి కిచెన్ గీత దగ్గర కాపు కాస్తారు, రెండోవారు బంతిని లోతుగా కొట్టి తాపీగా నడుచుకుంటూ వచ్చి పక్కన చేరతారు. అంటే టెన్నిస్‌లో సర్వీసు చేసేవాడిది పైచెయ్యి అయితే ఇక్కడ అందుకునేవాళ్ళది పైచెయ్యి. గీత దగ్గర ముందుగా స్థిరపడ్డది వాళ్ళు. వాళ్ళు అక్కడ, మనం నెట్‌కి 22 అడుగుల వెనక.

ఆ 22 అడుగుల వెనక నుంచి మనం గీత దాకా ఎలా చేరాలన్నదే ఈ ఆటలో అన్నిటికన్నా పెద్ద ప్రశ్న. దానికి జవాబు మూడో షాటు. సర్వీసు ఒకటి, రిటర్న్ రెండు, మనం మళ్ళీ కొట్టేది మూడు.

షటిల్ అలవాటున్నవాడు ఈ మూడోదాన్ని బాదుతాడు. అవతల గీత దగ్గర ఇద్దరు బ్యాట్లు ఛాతీ ముందు పెట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళు చెయ్యి ఊపనక్కర్లేదు, అడ్డం పెడితే చాలు, బంతి మన కాళ్ళ దగ్గర పడుతుంది. మాస్టారు కదలకుండా గెలిచింది ఇలాగే. దీనికి విరుగుడు, బంతిని ఎత్తుగా వంపు తిరిగేట్టు వేసి, నెట్ దాటాక దిగుతూ వాళ్ళ కిచెన్‌లో పడేట్టు చెయ్యడం. వంపులో అన్నిటికన్నా ఎత్తైన చోటు నెట్‌కి ఇవతల, మనవైపే ఉండాలి. నెట్ మీదే ఎత్తుగా ఉంటే అవతలివాడికి అందిపోతుంది. సరిగ్గా పడ్డ బంతిని వాళ్ళు కింద నుంచి లేపక తప్పదు, ఆ లేపే సమయంలో మనం నాలుగడుగులు ముందుకి జరుగుతాం. ఒక్కసారికే గీత దాకా చేరక్కర్లేదు. మధ్యలో ఆగి, ఇంకోటి అలాగే వేసి, మళ్ళీ నాలుగడుగులు. వాళ్ళు కొట్టే క్షణానికి మాత్రం మన కాళ్ళు ఆగి ఉండాలి.

ఇది నేర్చుకోవడానికి వారాలు పట్టినా పట్టొచ్చు. మొదట్లో నెట్‌కి తగిలేవే ఎక్కువ. నా సలహా ఏమిటంటే, కొత్తలో నెట్‌కి కొట్టి ర్యాలీ ఇచ్చేయడం కన్నా కాస్త ఎత్తుగానే వేసి ఆట సాగనివ్వండి. ఎత్తుగా వెళ్ళిన బంతిని అవతలివాళ్ళు కూడా కొత్తవాళ్ళైతే సగం సార్లు అవుట్ కొడతారు.

సర్వీసు గురించి మూడు ముక్కలు చాలు. కాళ్ళు బేస్‌లైన్ వెనక ఉండాలి, బంతి ఏటవాలుగా అవతలి సర్వీసు పెట్టెలో (కిచెన్ గీత వెనక ఆ పక్క సగంలో) పడాలి, కిచెన్ గీత మీద పడ్డా తప్పే. మిగతా గీతల మీద పడితే ఇన్. చేత్తో ఎగరేసి కొట్టే సర్వీసుకి షరతులున్నాయి: చెయ్యి కింద నుంచి పైకి రావాలి, బంతి నడుము కన్నా కింద తగలాలి, బ్యాటు తల మణికట్టు కన్నా పైన ఉండకూడదు. ఇదంతా టెన్షన్ అనిపిస్తే బంతిని చేతిలోంచి ఊరికే వదిలి, నేల మీద పడి లేచాక కొట్టే పద్ధతి ఉంది. దానికి ఈ మూడు షరతులూ వర్తించవు, బంతిని పైకి ఎగరేయడం, కిందికి నెట్టడం మాత్రం చెయ్యకూడదు. అవకాశం ఒక్కటే, టెన్నిస్‌లోలా రెండోసారి లేదు. సర్వీసులోనే పాయింటు కొట్టెయ్యాలన్న ఆశ వదిలేసి లోతుగా వెయ్యడం మీద దృష్టి పెట్టండి. వాళ్ళు ఎంత వెనక నుంచి కొడితే గీత చేరడానికి అంత ఆలస్యం.

స్కోరు: బావ, బావమరిది, మామ, అల్లుడు

అందరూ తలపట్టుకునేది ఇక్కడే. కానీ 2006కి ముందు షటిల్ ఆడినవాళ్ళకి ఇది పాత చుట్టమే. అప్పట్లో పదిహేను పాయింట్ల ఆట, సర్వీసు ఉన్నవాళ్ళకే పాయింటు, డబుల్స్‌లో ఇద్దరూ సర్వీసు చేశాకే చేతులు మారేది, ఆట మొదట్లో మాత్రం ఒక్కరికే అవకాశం. ఇరవై ఒకటి పాయింట్ల పద్ధతి వచ్చాక అది మరుగున పడింది. పికిల్‌బాల్‌లో దాదాపు అదే ఉంది, 11 పాయింట్లకి, రెండు తేడాతో గెలవాలి.

పాయింటు సర్వీసు ఉన్నవాళ్ళకే ఎందుకు? అందుకునేవాళ్ళది పైచెయ్యి అని చెప్పుకున్నాం కదా. అనుకూలంగా ఉన్నప్పుడు గెలిస్తే సర్వీసు లాక్కోవడం వరకే. ఎదురుగాలిలో ఉన్నప్పుడు గెలిస్తేనే పాయింటు.

డబుల్స్‌లో చెప్పే మూడంకెల్లో మొదటిది సర్వీసు చేసే జట్టు స్కోరు, రెండోది ఎదుటి జట్టు స్కోరు, మూడోది సర్వీసు చేస్తున్నది ఒకటో మనిషా రెండో మనిషా అని. ఒకవైపు బావ, బావమరిది. అవతల మామ, అల్లుడు అనుకుందాం. బావ కుడివైపు నిలబడి మొదలుపెడతాడు. చెప్పాల్సింది "0-0-2". మొదటి సర్వీసే అయినా రెండు అంటారు, ఎందుకంటే ఆట మొదలుపెట్టే జట్టుకి ఒక్క మనిషికే అవకాశం. ముందు మొదలుపెట్టినందుకు అదనపు లాభం ఉండకూడదని.

బావ ర్యాలీ గెలిచాడు. స్కోరు 1-0-2. ఇప్పుడు బావ, బావమరిది చోట్లు మారతారు, బావ ఎడమవైపు నుంచి సర్వీసు చేస్తాడు. మామ, అల్లుడు మాత్రం కదలరు. అందుకునే జట్టు ఎప్పుడూ చోట్లు మారదు. ఈసారి బావ ఓడాడు. అవతలివాళ్ళకి పాయింటు రాదు, సర్వీసు వెళ్తుంది.

ఇప్పుడు కుడివైపు ఉన్నది మామ. ఆయన "0-1-1" అని చెప్పి సర్వీసు చేస్తాడు. గెలిస్తే 1-1-1, చోట్లు మారి ఆయన ఎడమవైపుకి, అల్లుడు కుడివైపుకి. తర్వాతి ర్యాలీ పోయింది. సర్వీసు ఇంకా వాళ్ళదే, ఇప్పుడు అల్లుడి వంతు. ఉన్నచోటు నుంచే, అంటే కుడివైపు నుంచే, "1-1-2" అని చేస్తాడు. ఇదీ పోతే సర్వీసు మళ్ళీ బావ జట్టుకి.

ఇక్కడ ఆగి ఆలోచించండి. బావ జట్టు స్కోరు ఒకటి, బావ ఎడమవైపు ఉన్నాడు. కుడివైపు ఉన్నది బావమరిది. సర్వీసు తిరిగొచ్చినప్పుడు కుడివైపు ఎవరుంటే వాళ్ళే ఒకటో మనిషి. కాబట్టి ఈసారి మొదలుపెట్టేది బావమరిది, "1-1-1" అని. ఒకటి, రెండు అన్నవి మనిషికి అంటుకున్న నంబర్లు కావు, సర్వీసు చేతికొచ్చిన ప్రతిసారీ కొత్తగా మొదలవుతాయి. ఈ సంగతి తెలియకే "నేను రెండో సర్వర్‌ని కదా" అని కోర్టు మధ్యలో వాదులాటలు.

ఎవరెక్కడ నిలబడాలో మర్చిపోతే సరిచూసుకునే దారి ఒకటుంది. ఆట మొదట్లో తన జట్టు తరఫున మొదట సర్వీసు చేసినవాడు, తన జట్టు స్కోరు సరిసంఖ్య అయితే కుడివైపు, బేసి అయితే ఎడమవైపు ఉండాలి. పై ఉదాహరణలో బావ, మామ. వాళ్ళిద్దరూ ఎక్కడున్నారో చూసుకుంటే మిగతా ఇద్దరి సంగతి తేలిపోతుంది. సింగిల్స్‌లో ఈ గొడవ లేదు, రెండంకెలే. సరికి కుడి, బేసికి ఎడమ.

గాలి, నేల, మోకాళ్ళు

బ్యాటు కోసం ముందే డబ్బు తగలెయ్యకండి. పొడవు, వెడల్పు కలిపి 24 అంగుళాలు దాటకూడదన్నది నియమం. ఆ లోపల పట్టుకోవడానికి హాయిగా ఉన్నది ఏదైనా సరే. కార్బన్ ఫైబర్ ముఖం స్పిన్‌కి పనికొస్తుంది, మొదటి రెండు నెలల్లో మనకి స్పిన్‌తో పనిలేదు. బంతి మాత్రం చూసి కొనాలి. ఇండోర్ బంతికి సాధారణంగా పెద్ద చిల్లులు 26, అవుట్‌డోర్ బంతికి చిన్న చిల్లులు 40 ఉంటాయి. ఇండోర్ బంతి తెచ్చి కోనసీమలో ఆరుబయట ఆడితే, మధ్యాహ్నం తిరిగాక సముద్రం మీంచి వచ్చే గాలికి అది ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. అవుట్‌డోర్ బంతి కూడా గాలికి అతీతమేమీ కాదు. గాలి వెనక నుంచి వీస్తుంటే బలం తగ్గించాలి, ఎదురుగా వీస్తుంటే లోతుగా కొట్టాలి, పక్క నుంచి వీస్తుంటే గీతల జోలికి పోకుండా కోర్టు మధ్యకి గురిపెట్టాలి. ఎండాకాలంలో ప్లాస్టిక్ మెత్తబడి బంతి గుండ్రం పోతుంది, చేత్తో తిప్పి చూసుకోండి.

మన డెల్టాలో నేలతో ఇంకో తంటా ఉంది. కింద ఉన్నది బంకమట్టి. వానలకి ఉబ్బి, ఎండలకి బిగుసుకుంటుంది. పైన పోసిన సిమెంటు బీటలు వేస్తుంది. బీట మీద పడ్డ బంతి ఎటైనా లేవొచ్చు, అది ఆటలో భాగం అని సర్దుకోవచ్చు. కాలు పడితేనే ప్రమాదం. ధనుర్మాసంలో పొద్దున్నే మంచుకి తడిసిన సిమెంటు నేల మీద ఆడొద్దు, గోనెపట్టాతో తుడిచినా తడి మిగులుతుంది. వాకింగ్ బూట్లు పక్కకి జరిగేటప్పుడు కాలిని పట్టి ఉంచవు, మడమ మెలిక పడుతుంది. షటిల్ బూట్లు వాడొచ్చు, సిమెంటు మీద వాటి అడుగు త్వరగా అరిగిపోతుందన్నది తెలిసిన సంగతే.

పెద్ద వయసువాళ్ళు ఈ ఆటలో దెబ్బలు తగిలించుకునేది ఎక్కువగా పడిపోవడం వల్లే. అదీ ఎప్పుడంటే, తల మీంచి వెళ్తున్న బంతి కోసం దాన్నే చూస్తూ వెనక్కి వెనక్కి అడుగులు వేసినప్పుడు. అలా వెళ్ళకండి. ఒళ్ళు పక్కకి తిప్పి, వెనక్కి ముఖం పెట్టి పరుగెత్తండి, అందకపోతే వదిలెయ్యండి. ఒక్క పాయింటు కోసం తుంటి విరగ్గొట్టుకుంటే భీమవరమో రాజమండ్రో ఆసుపత్రిలో నెలలు తిరగాలి. డబుల్స్‌లో అయితే ఎవరి తల మీంచి వెళ్ళిందో వాళ్ళు కాకుండా పక్కనున్నవాళ్ళు అడ్డంగా పరుగెత్తడం తేలిక.

బంతి ఇద్దరి మధ్యకి వచ్చినప్పుడు "నాది" అని నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే ఇద్దరూ ఆగిపోతారు, లేదా బ్యాట్లు ఢీకొంటాయి. సాధారణంగా ఆ మధ్య బంతి ఎవరికి కుడిచెయ్యి వాటంగా వస్తుందో వాళ్ళది.

అంపైర్ లేని ఆటల్లో గీతల తగువు ఎవరికి వారే తేల్చుకోవాలి. మన వైపు పడ్డ బంతి ఇన్నో అవుటో చెప్పేది మనమే. గీతకీ బంతికీ మధ్య ఖాళీ కళ్ళారా కనిపిస్తేనే అవుట్ అనాలి, అదీ వెంటనే. చూడలేదనుకోండి, అనుమానం వచ్చిందనుకోండి, బంతి ఇన్, లాభం అవతలివాళ్ళదే. అవతలివాళ్ళ వైపు పడ్డదాని గురించి వాళ్ళు అడిగితే తప్ప మనం మాట్లాడకూడదు, చుట్టూ కూర్చుని చూస్తున్నవాళ్ళు తమని అడిగినా నోరు విప్పకూడదు. మరి బంతి పడగానే బావ "అవుట్" అని, అదే క్షణంలో బావమరిది "ఇన్" అని అరిస్తే? రూలు ప్రకారం అనుమానం ఉన్నట్టే. బంతి ఇన్, పాయింటో సర్వీసో మామా అల్లుళ్ళది.